బార్ స్టూలూ, ముక్కాలి పీటా

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్ళి మా నాన్నగారూ మావగారూ కలిసి చేసి చూశారు. ఇల్లు ఎవరో బిల్డరు కట్టాడు, బ్యాంకువాడు డబ్బులిచ్చాడు. అంచేత ఈ రెంటిలోనూ నా ప్రమేయం తక్కువే, నెలనెలా వాయిదా కట్టడం తప్ప. మూడోది ఇంకోటుంది. పెద్దల కాలంలో లేదు కాబట్టి వాళ్ళు చెప్పలేదు. వంటింటి ఐలండుకి స్టూళ్ళు కొని చూడు!

మేం ఉండేది నార్త్ కరొలినాలో, క్యారీ అనే ఊళ్ళో. ఇక్కడ రాయి విసిరితే తెలుగువాడి మీద పడుతుంది, వాడు కూడా ఇలాంటి ఇంట్లోనే ఉంటాడు, వాడింట్లో కూడా వంటింటి మధ్యలో ఒక ఐలండ్ ఉంటుంది. తెలియనివాళ్ళకి: ఐలండ్ అంటే వంటింటి నడుమ ఏ గోడకీ ఆనకుండా ఉండే తిన్నె. మాది ఎనిమిదడుగుల పొడుగు, పైన తెల్ల బండ. మా అమ్మ మొదటిసారి చూసినప్పుడు "వంటింట్లో అరుగేంట్రా" అంది. అప్పట్నుంచీ మా ఇంట్లో దాని పేరు అరుగే. మా పిల్లలు కూడా వచ్చీరాని తెలుగులో "అరుగు మీద హోంవర్క్ చేస్తున్నా" అంటారు.

నిజానికి అరుగు అన్న మాటే సరైంది. ఊళ్ళో వీధరుగు మీద ఏమేం జరిగేవో అవన్నీ దీని మీద జరుగుతాయి. కాఫీ, కూరలు తరగడం, పిల్లల చదువులు, మా ఆవిడ ఆఫీసు కాల్స్, నా అరుపులు. డైనింగ్ టేబుల్ అని ఒకటి పక్క గదిలో ఉంది. దాని మీద 2020 నుంచీ మానిటర్లు తిష్ట వేశాయి, ఇంక లేవలేదు.

సరే, అరుగు ఉంటే కూర్చోడానికి ఏదో ఒకటి కావాలి. దాన్నే ఇక్కడ బార్ స్టూల్ అంటారు. అమ్మతో ఫోన్లో "బార్ స్టూళ్ళు కొనాలమ్మా" అంటే అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లగా "ఇంట్లోనే పెట్టారా, ఇంక బయటికెళ్ళక్కర్లేకుండా" అంది. ఆవిడకి బార్ అంటే మా ఊరి బస్టాండు పక్కన పచ్చ కర్టెన్లు కట్టిన కొట్టు. పూర్తిగా నమ్మించడానికి వీడియో కాల్‌లో అరుగంతా తిప్పి చూపించాల్సి వచ్చింది.

ఇహ నా మొదటి పొరపాటు. బొమ్మ చూసి కొన్నాను. ఆన్‌లైన్‌లో, రాత్రి పదకొండింటికి, రివ్యూల్లో నక్షత్రాలు లెక్కపెట్టి. మూడు రోజుల్లో నాలుగు డబ్బాలు వచ్చాయి. బిగించి, కూర్చుని, ముందుకి జరిగితే మోకాళ్ళు బండకి కొట్టుకున్నాయి. కారణం చాలా చిన్నది. ఇక్కడ స్టూళ్ళు రెండు ఎత్తుల్లో వస్తాయి. మామూలు వంటింటి తిన్నె నేల నుంచి 36 అంగుళాలుంటుంది. దానికి 24 నుంచి 26 అంగుళాల ఎత్తులో కూర్చునే స్టూల్ కావాలి, దాన్ని కౌంటర్ స్టూల్ అంటారు. బార్లలో ఉండే బల్ల 42 అంగుళాలు. దానికి 28 నుంచి 30 అంగుళాల స్టూల్. అసలు బార్ స్టూల్ ఇదే. కానీ అమ్మేవాడు రెంటినీ బార్ స్టూల్ అనే అంటాడు. నేను 30 అంగుళాలవి కొన్నాను. డాక్యుమెంటేషన్ చదవకుండా ఇన్‌స్టాల్ చేస్తే ఏమవుతుందో పదిహేనేళ్ళుగా జూనియర్లకి చెబుతున్న మనిషిని నేను!

వెనక్కి పంపుదామంటే షిప్పింగ్ ఖర్చు స్టూల్ ధరలో సగం. వాటిని ఒక స్నేహితుడికి అంటగట్టి (వాళ్ళింటి కింద పోర్షన్లో నిజంగానే బార్ ఉంది) ఈసారి తెలివిగా ఎత్తు మార్చుకునేవి కొన్నాను. సీటు కింద గ్యాస్ సిలిండరు, పక్కన ఒక మీట, కింద పళ్ళెం లాంటి గుండ్రటి క్రోమ్ పాదం. మీట నొక్కితే పైకీ కిందకీ వెళతాయి, చుట్టూ తిరుగుతాయి. మీరు ఏ సెలూన్లోనో, ఎయిర్‌పోర్టులోనో చూసే ఉంటారు. ఈ తరహాకి పెద్ద పేరు తెచ్చింది 1990ల చివర్లో ఇటలీలో మాజిస్ కంపెనీ తెచ్చిన బొంబో అనే స్టూలు, స్టెఫానో జొవన్నొని అనే ఆయన డిజైన్. అసలుది ఖరీదు. నకళ్ళు ప్రపంచమంతా ఉన్నాయి, నా దగ్గరున్నవీ ఆ నకళ్ళ నకళ్ళే. పిల్లలకి మహా సంబరం. చిన్నాడు గిర్రున తిరిగి తిరిగి సాంబారు పెట్టుకునేవాడు. స్టూళ్ళ కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను.

వేసవిలో అమ్మ వచ్చింది. ఆవిడకి డెబ్భై రెండు, రెండు మోకాళ్ళూ అరిగాయి. డాక్టరు ఆపరేషను చేయించుకోమంటాడు, ఆవిడ "చూద్దాంలే" అంటుంది, ఈ సంభాషణ ఆరేళ్ళుగా నడుస్తోంది. వచ్చిన రెండో రోజు పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని అందరితో పాటు కూర్చోబోయింది. గ్యాస్ స్టూల్ ఎక్కాలంటే కింద కడ్డీ మీద ఒక కాలు పెట్టి, ఒంటికాలి మీద లేచి, నడుం తిప్పి కూర్చోవాలి. మనం ఆలోచించకుండా చేసేస్తాం. అమ్మ కాలు పెట్టింది, లేచింది, స్టూలు తిరిగింది. తిరగడం దాని ధర్మం కదా. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చెయ్యి అందింది. కాఫీ మాత్రం అరుగంతా అయింది. ఆవిడ ఏమీ అనలేదు, గుడ్డ తెచ్చి తుడవడం మొదలెట్టింది.

ఆ తర్వాత ఇంక స్టూల్ దగ్గరికి రాలేదు. "నాకిక్కడ బానే ఉందిరా" అని డిష్‌వాషర్ పక్కన ఒక పొట్టి ప్లాస్టిక్ ముక్కాలి పీట లాంటిది వేసుకుని కూర్చునేది. అది అసలు పిల్లలు సింకు అందుకోడానికి కొన్నది. పీట మీద కూర్చుని బీరకాయ తరుగుతుంది, మేం అరుగు మీద నుంచి మాట్లాడుతుంటాం. మాకు బాగానే ఉంది. ఆవిడకీ బాగానే ఉందనుకున్నాం. నెలన్నర ఇలా గడిచింది. మా పెద్దదాని పుట్టినరోజుకి అరుగు చుట్టూ తీసిన ఫోటో ఇండియాలో మా చెల్లెలికి పంపిస్తే అది వెంటనే "అమ్మేది?" అని మెసేజ్ పెట్టింది. పెద్దది చేసి చూశాను. కేకు వెనకాల, బండ అంచు మీదుగా, తెల్లటి కొప్పు ఒక్కటి కనిపిస్తోంది.

అప్పుడు కూర్చున్నాను సీరియస్‌గా. అంటే స్టూళ్ళ గురించి చదవడానికి. మనవాళ్ళ రోగం తెలిసిందే కదా, అమ్మని సోఫాలో కూర్చోబెట్టి పక్కన కూర్చోడానికి బదులు స్ప్రెడ్‌షీట్ తెరుస్తాం. మా ఆవిడ ఈ మాట అప్పుడే అంది. నేను వినలేదు.

చదివినదాంట్లో పనికొచ్చేవి చెబుతాను. సీటుకీ బల్ల అడుగుకీ మధ్య 10 నుంచి 12 అంగుళాలుండాలి, తొడలు పట్టడానికి. మనిషికి 24 అంగుళాల వెడల్పు, తిరిగే స్టూలైతే, చేతులుంటే ఇంకా ఎక్కువ. మోకాళ్ళ కోసం బండ ముందుకి పొడుచుకు రావాలి, 36 అంగుళాల తిన్నెకైతే 15 అంగుళాలు మంచిదంటారు. మా బిల్డరు 12 ఇచ్చి ఊరుకున్నాడు. అన్నిటికంటే ముఖ్యం కాళ్ళు పెట్టుకునే కడ్డీ. అది లేని స్టూల్ మీద పది నిమిషాలకి మించి కూర్చోలేం, తొడల కింద నరాలు నొక్కుకుని తిమ్మిరెక్కుతుంది. మీ కాళ్ళకీ, ఇంట్లో అందరికంటే పొట్టి మనిషి కాళ్ళకీ కూడా అందాలి. నాలుగు కాళ్ళు, వెనక ఆనుకోడానికి వీపు, తిరగకూడదు, జారకూడదు. ఇలా రాసుకుంటూ పోతే చివరికి తేలిందేమిటంటే నాక్కావలసింది కుర్చీ. కానీ అప్పటికి ఆ విషయం నాకు తట్టలేదు.

మాకు గంటన్నర దూరంలో హై పాయింట్ అనే ఊరుంది. ఫర్నిచరుకి ఆ ఊరు పెట్టింది పేరు. ఏడాదికి రెండుసార్లు అక్కడ పెద్ద ఫర్నిచర్ సంత జరుగుతుంది, 1909 నుంచీ. అది వ్యాపారస్తులకే, మనలాంటి చిల్లర జనాలకి ప్రవేశం లేదు. మిగతా రోజుల్లో మాత్రం కొట్లకి వెళ్ళొచ్చు. ఊళ్ళో సొరుగుల బీరువా ఆకారంలో ఒక భవనం కట్టి, సొరుగులోంచి రెండు మేజోళ్ళు వేలాడదీశారు. పిల్లలకది చూపిస్తానని ఆశపెట్టి, అమ్మతో సహా అందరం ఒక శనివారం బయల్దేరాం.

కొత్త స్టూళ్ళ సంగతి నేను కాస్త చదువుకునే వెళ్ళాను. పాత స్టూళ్ళ సంగతి మాత్రం అక్కడొక కొట్టాయన దగ్గర నేర్చుకున్నాను. డెబ్భై దాటిన మనిషి, కొనకపోయినా ఫర్వాలేదన్నట్టు మాట్లాడాడు. అలాంటివాళ్ళ దగ్గరే మనం కొంటాం. మొట్టమొదట చెప్పింది, వింటేజ్ అన్న మాటని నమ్మొద్దని. యాంటిక్ అంటే కనీసం కస్టమ్స్ వాళ్ళకి వందేళ్ళు దాటిందని ఒక లెక్కుంది. వింటేజ్‌కి ఏ లెక్కా లేదు, అమ్మేవాడి నోటికొచ్చిన వయసు. తర్వాత ఒక స్టూల్ తలకిందులు చేసి మేకులు చూపించాడు. ప్లస్ గుర్తు తలకాయ ఉన్న స్క్రూలు 1930ల మధ్యలో గానీ వాడుకలోకి రాలేదట. కాబట్టి "1910 నాటిది" అని చీటీ ఉండి, అడుగున ప్లస్ స్క్రూలుంటే ఒకటి చీటీ అబద్ధం, లేదా మధ్యలో ఎవరో రిపేరు చేశారు. నాకిది తెగ నచ్చింది. కోడ్‌లో లైబ్రరీ వెర్షన్ చూసి ఎప్పుడు రాశారో చెప్పడం లాంటిదే కదా.

ఇంకా కొన్ని చెప్పాడు. పాత స్టూల్ని గట్టి నేల మీద పెట్టి సీటు నాలుగు మూలలా నొక్కి చూడాలి. ఊగితే కాళ్ళు పొట్టీ పొడుగూ అయినా కావాలి, కీళ్ళు వదులైనా కావాలి. మొదటిదాన్ని సరిచేయొచ్చు, రెండోదానికి విప్పి మళ్ళీ జిగురు పెట్టాలి. రంగు వేసిన పాత సామాను ఇంట్లో చిన్నపిల్లలుంటే జాగ్రత్త, సీసం కలిసిన రంగుల్ని ఇక్కడ 1978లో నిషేధించారు, అంతకు ముందువైతే పరీక్ష చేయించుకోవాలి. రెక్సిన్ సీటు బాగున్నా లోపల ఫోమ్ పిండైపోయి ఉంటుంది, వేలితో నొక్కితే లేవకపోతే మళ్ళీ కుట్టించుకోవలసిందే. పాత డైనర్లలో ఉండే ఒంటి స్తంభం క్రోమ్ స్టూళ్ళు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ, అవి నేలకి బోల్టులతో బిగించేవి. ఊరికే నిలబడవు. ఇంట్లో చెక్క నేలకి రంధ్రాలు వేసే ధైర్యం ఉంటేనే కొనాలి.

ఒక మూల వంగిన కర్ర స్టూళ్ళు రెండు కనిపించాయి. ఆయన "వియన్నా" అని మొదలెట్టాడు, నా ముక్కుకి మాత్రం ఇరానీ చాయ్ వాసన కొట్టింది. ఇంజినీరింగు చదివే రోజుల్లో హైదరాబాదులో పాలరాతి బల్ల పక్కన వేసి ఉండే కుర్చీలు ఇవే, అదే వంపు, అదే గుండ్రటి సీటు. ఆవిరితో ఉడకబెట్టి బీచ్ కర్రని వంచే ఈ పద్ధతికి పేరు మైఖేల్ థోనెట్‌ది. 1859లో ఆయన చేసిన 14వ నంబరు కుర్చీలో ఉన్నవి ఆరు కర్ర ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు. విప్పేసి ఒక ఘనపు మీటరు పెట్టెలో ముప్ఫై ఆరు కుర్చీలు సర్ది ఓడెక్కించేవారు. ఐకియా కంటే చాలా ముందు. ఎక్కడ దిగినా బిగించుకోవడమే. నూట అరవై ఏళ్ళ పైబడిన ఇంటర్‌ఫేసు, ఇప్పటికీ డిప్రికేట్ కాలేదు :-)

ఇంకో వరసలో రేకు స్టూళ్ళు. ఫ్రాన్సులో జేవియర్ పోషార్ అనే ఆయన రేకుకి తుప్పు పట్టకుండా జింకు పూత పూయించి, 1927లో టోలిక్స్ అని పేరు రిజిస్టరు చేయించుకున్నాడు. ఇప్పుడు హైదరాబాదు కాఫీ షాపుల్లో కూడా ప్రతి రెండోదాంట్లో కనిపించే ఆ రేకు కుర్చీలకీ స్టూళ్ళకీ మూలం అదే. గట్టివి, ఒకదాని మీద ఒకటి పేర్చుకోవచ్చు. కానీ చలికాలం పొద్దున్నే వాటి మీద కూర్చున్నవాడికి తెలుస్తుంది. నేల మీద జరిపినప్పుడు వచ్చే శబ్దం సంగతి నేను చెప్పను. ఫిన్లండ్ అల్వార్ ఆల్టో 1933లో చేసిన మూడు కాళ్ళ స్టూల్ తాలూకు పొడుగు రూపం కూడా ఒకటుంది. దాన్ని చూసి మా అమ్మ "ముక్కాలి పీటకి కాళ్ళు పెరిగినయ్యే" అంది. అంతకంటే మంచి వర్ణన నేనెక్కడా చదవలేదు. ధర చెబితే మళ్ళీ మాట్లాడలేదు.

అమ్మని ఒక్కో స్టూల్ దగ్గరా నిలబెట్టి ఎక్కించి చూద్దామనుకున్నాను. మూడోదానికి "వదిలెయ్‌రా, అంగట్లో అందరూ చూస్తున్నారు" అంది. ఏమీ కొనకుండా బయటపడ్డాం.

తిరుగుదారిలో మా పెద్దది గ్రీన్స్‌బరోలో ఆగుదామంది. బళ్ళో పాఠం ఉందిట. పది పదిహేను మైళ్ళు. అక్కడ డౌన్‌టౌన్‌లో పాత వూల్‌వర్త్ షాపు భవనాన్ని 2010లో పౌరహక్కుల మ్యూజియంగా తెరిచారు. లోపల ఆ షాపులో ఉన్న ఫలహారాల కౌంటరు ఉన్నచోటే ఉంది. పొడుగాటి బల్ల, ముందు వరసగా నేలకి బిగించిన స్టూళ్ళు, క్రోమ్ స్తంభం, రెక్సిన్ సీటు. పొద్దున్నించీ నేను వేలితో నొక్కి చూస్తున్న రకమే.

1960 ఫిబ్రవరి 1న నలుగురు కాలేజీ కుర్రాళ్ళు, ఎజెల్ బ్లెయిర్ జూనియర్, ఫ్రాంక్లిన్ మెకైన్, జోసెఫ్ మెక్‌నీల్, డేవిడ్ రిచ్‌మండ్, ఇక్కడికొచ్చి ముందు వేరే కౌంటర్లో టూత్‌పేస్టు లాంటి చిల్లర సామాను కొని, రసీదు తీసుకుని, ఆ స్టూళ్ళ మీద కూర్చుని కాఫీ అడిగారు. సామాను అమ్మడానికి లేని అభ్యంతరం కాఫీకి వచ్చింది, ఎందుకంటే వాళ్ళు నల్లవాళ్ళు, ఆ స్టూళ్ళు తెల్లవాళ్ళవి. ఇవ్వలేదు. వాళ్ళు లేవలేదు. కొట్టు మూసేదాకా కూర్చున్నారు. మర్నాడు ఇంకొందరు, ఆ తర్వాత వందల మంది. జులై 25న గానీ ఆ కౌంటర్లో నల్లవాళ్ళకి వడ్డించలేదు. అప్పుడు కూడా మొదట తిన్నది ఆ షాపులోనే పనిచేసే నల్లవాళ్ళు. కౌంటర్లో ఒక ముక్క, నాలుగు స్టూళ్ళతో సహా, వాషింగ్టన్లో స్మిత్‌సోనియన్‌లో ఉంది.

ఇదంతా మా పెద్దది నాయనమ్మకి తనకొచ్చిన తెలుగులో చెబుతోంది. "వాళ్ళు స్టూల్ మీద కూర్చుంటే కాఫీ ఇవ్వలేదు నాయనమ్మా, బికాజ్ వాళ్ళు బ్లాక్." అమ్మ చాలాసేపు ఆ స్టూళ్ళ వంక చూసింది. తర్వాత అడిగింది, "నిలబడి తాగుతామంటే ఇచ్చేవాళ్ళా?"

దానికి పెద్దది బిక్కమొహం వేసి నా వంక చూసింది. నాకు అమ్మ ఎందుకడిగిందో తెలుసు.

మా ఊరు తెనాలి దగ్గర. మాకు ఎనిమిదెకరాలుండేది, ఒక పాలేరు ఉండేవాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. పొద్దున్నే వచ్చి గొడ్ల పని చేసి గాబు పక్కన గొంతుక్కూర్చునేవాడు. పశువుల పాక చూరులో ఆయన గ్లాసు ఒకటి ఉండేది. అది తీసి కడుక్కుని పట్టుకునేవాడు, ఇంట్లోంచి కాఫీ తెచ్చి పైనుంచి పోసేవాళ్ళం. గ్లాసుకి గిన్నె తగలకూడదు. ఊళ్ళో టీ కొట్లో కూడా అంతే, బయట మేకుకి తగిలించిన గ్లాసులు వేరే, లోపల బల్లలు వేరే. నేను ఆరో క్లాసుకొచ్చేసరికి ఆ పోసే పని నాది. జానెడు ఎత్తు నుంచి ఒక్క చుక్క చిందకుండా పోసేవాణ్ణి. బాగా పోస్తానని ఆయనే మెచ్చుకునేవాడు. నేను సంతోషించేవాణ్ణి.

ఇది 1980ల్లో మాట. హోటళ్ళలో అలా చేయడం నేరమని మన దేశంలో 1955లోనే చట్టం వచ్చింది. అమెరికాలో ఆ మాట చట్టంలోకి ఎక్కింది 1964లో. తొమ్మిదేళ్ళు మనమే ముందు. మా పాక చూరుకి ఆ సంగతి తెలీదు.

అమ్మ మనవరాలికి ఇందులో సగం చెప్పింది, అక్కడే, ఆ కౌంటరు ముందు నిలబడి. దాచకుండానే చెప్పింది. "మరి ఆయన ఎక్కడ కూర్చునేవాడు?" అని అడిగింది పెద్దది. "గాబు దగ్గర." "కింద?" "ఊఁ, కింద." "నువ్వు కాఫీ ఇచ్చేదానివా?" "నేను కలిపేదాన్ని. మీ నాన్న పోసేవాడు." పెద్దది నా వైపు తిరిగింది. ఏమైనా అడుగుతుందనుకుని ఎదురుచూశాను. అడగలేదు. కారులో మాత్రం వెనక సీట్లో నాయనమ్మ పక్కన కూర్చోకుండా కిటికీ వైపుకి జరిగింది. బర్లింగ్‌టన్ దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు. చిన్నాడు ఆకలన్నాక అందరం మాట్లాడాం.

ఆ రాత్రి అమ్మ ఎప్పట్లాగే డిష్‌వాషర్ పక్కన పీట వేసుకుంది. నేను అరుగు మీద నుంచి పెరుగన్నం తింటూ కిందకి చూశాను. రెండింటికీ పోలిక లేదని తెలుసు. అమ్మని కింద కూర్చోమని ఎవరూ అనలేదు, మోకాళ్ళు అన్నాయి. ఆయన్ని కూర్చోబెట్టింది మేమూ, ఊరూ. ఒకటి ఫర్నిచరు సమస్య, రెండోది కాదు. అయినా నాకు ముద్ద దిగలేదు. స్టూల్ దిగి వెళ్ళి నేల మీద అమ్మ పక్కన కూర్చున్నాను. "ఏంట్రా, లే, ఫ్యాంటు మాస్తది" అంది. కాసేపున్నాక "వాడు పోయినప్పుడు నువ్వు అమెరికాలో ఉన్నావు. నేనెళ్ళొచ్చాలే" అంది. వాళ్ళింటికి ఆవిడ వెళ్ళడం అదే మొదటిసారి. కుర్చీ వేసి కూర్చోమన్నారట.

తర్వాత పని చకచకా అయిపోయింది. స్ప్రెడ్‌షీట్ మూసేశాను. ఒక మెక్సికన్ వడ్రంగి వచ్చి అరుగు చివర, పొట్టి వైపు, ఓక్ చెక్కతో మామూలు డైనింగ్ బల్ల ఎత్తు, 30 అంగుళాలకి, ఒక బల్ల ఆనించి బిగించాడు. మూడున్నర అడుగులు, నలుగురు పడతారు. దానికి 18 అంగుళాల ఎత్తు కుర్చీలు. అందులో రెండింటికి చేతులుండాలని పట్టుబట్టాను, మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళు లేచేటప్పుడు చేతుల మీదే లేస్తారు. మీ ఇంటికి పెద్దవాళ్ళు వచ్చేటట్టయితే ఇది ఒక్కటి మర్చిపోకండి, మిగతా అంగుళాలన్నీ మర్చిపోయినా ఫర్వాలేదు.

పొడుగు వైపుకి హై పాయింట్ కొట్టాయన దగ్గర ఫోన్లో చెప్పి ఆ వంగిన కర్ర స్టూళ్ళు రెండూ తెప్పించాను, 24 అంగుళాలవి, వీపు ఉన్నవి, తిరగనివి. వాటితో పాటు ఇప్పటి తయారీవి రెండు, నల్ల ఇనప కాళ్ళు, చెక్క సీటు. పాతా కొత్తా పక్కపక్కన ఎలా ఉంటాయో అని మా ఆవిడ భయపడింది. సీటు ఎత్తు ఒకటే అయితే, చెక్క రంగు దగ్గరదగ్గరగా ఉంటే, మిగతాది కన్ను పట్టించుకోదు. కాళ్ళ కింద ఉన్ని బిళ్ళలు అంటించాను. ఆరు నెలలకోసారి మార్చాలి, లేకపోతే నేల గీసుకుపోతుంది.

అయితే జరిగిందేమిటంటే, బల్ల వచ్చిన వారానికల్లా పిల్లలు దాని దగ్గరికే చేరారు. అన్నం గిన్నె నాయనమ్మ దగ్గరుంటుంది మరి. వాళ్ళ వెనకాలే మా ఆవిడ. స్టూళ్ళ మీద ఇప్పుడు స్కూలు బ్యాగులు, నా ల్యాప్‌టాప్ బ్యాగు కూర్చుంటున్నాయి. వంగిన కర్ర స్టూల్ ఒకటి మాత్రం కిటికీ పక్కకి వెళ్ళింది, దాని మీద అమ్మ నిమ్మకాయ ఊరగాయ జాడీ ఎండకి పెట్టేది. వియన్నాకి ఈ సంగతి తెలియకపోవడమే మంచిది.

నవంబర్లో అమ్మ వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఆపరేషను మాటెత్తితే "చూద్దాంలే" అంది.

గ్యాస్ స్టూళ్ళు నాలుగూ గరాజ్‌లో ఉన్నాయి. క్యారీ, మోరిస్‌విల్ చుట్టుపక్కల వాళ్ళెవరికైనా కావాలంటే వచ్చి పట్టుకెళ్ళండి, ఉచితమే. మోకాళ్ళు బాగుండాలి, అంతే.